యూదు డే స్కూలు చదువు: ముప్పై ఏళ్ల తరవాత ఏం మిగులుతుంది?

ప్రశ్న — చదువరి

మతసంస్థలు నడిపే బడుల గురించి కొంతకాలంగా చదువుతున్నాను. వాటిలో అమెరికాలోని యూదు డే స్కూళ్లు నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నాయి. సినగాగులకు (యూదుల ప్రార్థనాలయాలకు) అనుబంధంగా వారంలో రెండు మూడు సాయంత్రాలు నడిచే హీబ్రూ తరగతులు వేరు, ఇవి వేరు. ఇక్కడ పిల్లలు ఉదయ ప్రార్థనతో మొదలుపెట్టి, రోజులో దాదాపు సగభాగం హీబ్రూ భాష, తోరా (మూల ధర్మగ్రంథం), మిష్నా (ధర్మసూత్రాల సంకలనం), తాల్ముద్ (మిష్నా, దాని మీద సాగిన చర్చలు కలిసిన గ్రంథం) చదువుతారు. మిగిలిన సగభాగంలో గణితం, సైన్సు, ఇంగ్లీషు, చరిత్ర చదువుతారు. ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లలో ఇటువంటి బడులు వేళ్ల మీద లెక్కపెట్టదగినన్ని మాత్రమే ఉండేవి. తూర్పు యూరప్ నుంచి వలస వచ్చిన తల్లిదండ్రుల్లో అత్యధికులు, తమ పిల్లలు ప్రభుత్వ బడిలో చదివి అమెరికన్లు కావాలనే కోరుకున్నారు. 1937లో న్యూయార్క్‌లో రమాజ్ బడి, అదే ఏడాది బోస్టన్‌లో మైమోనిడీస్ బడి మొదలయ్యాయి. 1944లో తోరా ఉమెసోరా అనే సంస్థ ఏర్పడి ఊరూరా ఆర్థడాక్స్ (ఆచారాలను కచ్చితంగా పాటించే శాఖ) బడులు తెరిపించింది. 1950ల నుంచి, అంత కఠినం కాని కన్జర్వేటివ్ శాఖవారు కూడా షెక్టర్ పేరుతో బడులు పెట్టారు. 2018-19 నాటి గణన ప్రకారం దేశంలో 906 యూదు బడులు ఉన్నాయి. వాటిలో సుమారు 2,92,000 మంది చదువుతున్నారు.

నా సందేహం ఇది. పన్నెండేళ్ల పాటు ఇంత శ్రమపడి, ఇంత ఖర్చుపెట్టి చదివించిన ఈ చదువు, ఆ విద్యార్థులు నలభై, యాభై ఏళ్ల వయసుకు వచ్చేసరికి వారిలో ఏ రూపంలో మిగిలి ఉంటుంది? నమ్మకంగానా, అలవాటుగానా, స్నేహాలుగానా? మిగిలినదాన్ని బడికి జమకట్టాలా, ఆ బడిని ఎంచుకున్న ఇంటికి జమకట్టాలా? ఈ విషయం దగ్గరగా చూసినవారు, చదివినవారు చెప్పగలరని ఆశిస్తున్నాను.

సమాధానం — లెక్కల మనిషి

చదువరి గారూ, మీ ప్రశ్నలోని చివరి భాగంతో యూదు సమాజశాస్త్రవేత్తలు అర్ధశతాబ్దంగా కుస్తీ పడుతున్నారు. 1974లో హెరాల్డ్ హిమెల్‌ఫార్బ్ షికాగో విశ్వవిద్యాలయానికి సమర్పించిన సిద్ధాంత వ్యాసం ఈ చర్చకు మూలం. బాల్యంలో పొందిన మతవిద్య మొత్తం సుమారు 3,000 గంటలకు చేరేదాకా, పెద్దయ్యాక మతజీవనంలో చెప్పుకోదగ్గ తేడా ఏదీ కనబడటం లేదని ఆయన తేల్చారు. ఈ అంకెను కాస్త విప్పి చూస్తే దాని బరువు తెలుస్తుంది. వారానికి ఆరు గంటల చొప్పున ఏడాదికి నలభై వారాలు నడిచే సాయంత్రపు బడిలో ఏడాదికి 240 గంటలే పోగవుతాయి. అంటే పన్నెండేళ్లు విడవకుండా వెళ్లినా ఆ హద్దు దాటడం కష్టం. చాలామంది బార్ మిట్స్వా (మతపరంగా పెద్దవాడయ్యే వేడుక) కాగానే, పదమూడో ఏట మానేస్తారన్నది వేరే సంగతి. వారానికి పదిహేను గంటలు మతవిద్య చెప్పే డే స్కూలు పిల్లవాడు అయిదారేళ్లలోనే ఆ హద్దు దాటేస్తాడు. డే స్కూళ్లను సమర్థించేవారికి ఈ అధ్యయనం పెద్ద ఆయుధమైంది. అయితే రెండేళ్ల తరవాత జెఫ్రీ బాక్ అనే మరో పరిశోధకుడు, ప్రభావం 1,000 గంటల దగ్గరే మొదలవుతుందని వాదించారు. కాబట్టి ఆ అంకెను శిలాశాసనంలా తీసుకోనక్కరలేదు.

హిమెల్‌ఫార్బ్ పరిశోధనలో ఎక్కువమంది చదవకుండా దాటిపోయే భాగం ఒకటుంది. గంటలు ఎన్ని ఉన్నా, ఇంట్లో ఆచారం ఉన్న పిల్లల్లోనే బడి ప్రభావం బలంగా నిలిచింది. పెళ్లయ్యాక జీవిత భాగస్వామికి ఆచారం మీద ఎంత పట్టు ఉందన్నది కూడా గట్టిగా పనిచేసింది. 1966లో ఆండ్రూ గ్రీలీ, పీటర్ రాసీ అమెరికన్ కాథలిక్ బడుల గురించి చేసిన అధ్యయనంలోనూ ఇటువంటి ఫలితమే వచ్చింది: భక్తి ఉన్న ఇళ్ల నుంచి వచ్చినవారి మీదే బడి ముద్ర గాఢంగా పడింది. లేనిదాన్ని బడి పుట్టించగలదన్న ఆశకు ఈ రెండు అధ్యయనాల్లోనూ పెద్దగా ఆధారం దొరకదు.

1990లో జరిగిన జాతీయ యూదు జనాభా సర్వే తరవాత ఈ చర్చ విద్యావేత్తల గదుల్లోంచి సమాజమంతటికీ పాకింది. అప్పటికి కొత్తగా పెళ్లిచేసుకున్న యూదుల్లో 52 శాతం మంది యూదేతరులను చేసుకున్నారని ఆ సర్వే ప్రకటించింది. ఆ అంకె లెక్కగట్టిన తీరును తరవాత పలువురు తప్పుపట్టి తగ్గించారు కానీ, అప్పటికే దాతల గుండెల్లో రాయి పడింది. డే స్కూళ్లకు పెద్ద ఎత్తున నిధులు రావడం అప్పటి నుంచే. దాని చెడుఫలితం ఏమిటంటే, పూర్వవిద్యార్థి ఎవరిని పెళ్లాడాడన్న ఒక్క ప్రశ్నతోనే ఆ బడి విలువను కొలవడం పరిపాటి అయింది. ఒక మనిషి చదువుకున్నదాన్ని కొలవడానికి ఇది చాలా పేద కొలబద్ద అని నా అభిప్రాయం.

దానికన్నా విశాలంగా చూసిన పని 2007లో బ్రాండైస్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చింది. అమెరికన్ విశ్వవిద్యాలయాల్లో చదువుతున్న డే స్కూలు పూర్వవిద్యార్థులను, ప్రభుత్వ బడుల నుంచీ ఇతర ప్రైవేటు బడుల నుంచీ వచ్చిన యూదు విద్యార్థులతో పోల్చారు. రోజులో సగం మతవిద్యకు పోయినా చదువులో వీరు వెనకబడలేదని, సమాజం పట్ల బాధ్యతాభావం వీరిలో బలంగా ఉందని, విచ్చలవిడిగా తాగే అలవాటు తక్కువని తేలింది. ఇక్కడా ఒక చిక్కు ఉంది. ఆ బడికి పంపే తల్లిదండ్రులు మొదటి నుంచే వేరు రకం మనుషులు. లాటరీ తీసి పిల్లల్ని కొందరిని ఈ బడికీ, కొందరిని ఆ బడికీ పంపితే తప్ప ఇంటి వాటా, బడి వాటా విడదీయడం అసాధ్యం. అలా పంపేవారు ఎవరూ ఉండరు.

సమాధానం — ఆల్జీబ్రా టీచరు

నేను యూదును కాను. అమెరికాలో ఒక డే స్కూలులో చాలా ఏళ్లుగా గణితం చెబుతున్నాను. ఈ బడుల్లో లౌకిక విషయాలు బోధించేవారిలో నావంటివారు కొత్తేమీ కాదు. పైన లెక్కల మనిషి గారు చెప్పినవి నమ్మకానికీ ఆచారానికీ సంబంధించినవి. నా కంటికి కనబడేది చదివే పద్ధతి. పూర్వవిద్యార్థుల్లో నమ్మకం ఉన్నవారినీ, పూర్తిగా వదిలేసినవారినీ చూశాను. చదివే పద్ధతి మాత్రం ఇద్దరిలోనూ చెక్కుచెదరలేదు.

ఆ పద్ధతి ఎలా ఉంటుందో చెప్పాలంటే తాల్ముద్ తరగతిని వర్ణించాలి. పిల్లలు ఇద్దరిద్దరుగా ఎదురెదురుగా కూర్చుంటారు. ఈ జోడీని హవ్రూతా అంటారు. ముందున్న పుటలో నడుమ మిష్నా, దాని మీద సాగే గెమారా అనే చర్చ. ఒక పక్క పదకొండో శతాబ్దపు రాషీ వ్యాఖ్య, మరో పక్క ఆయన తరవాతి తరాల పండితులు రాసిన తోసఫోత్. అచ్చుగుర్తులు ఉండవు, విరామచిహ్నాలు ఉండవు, భాష సగం హీబ్రూ, సగం అరమాయిక్. వాక్యం ఎక్కడ ముగిసిందో, అది ప్రశ్నో జవాబో కూడా పిల్లలే తేల్చుకోవాలి. పైకి చదువుతూ, బల్ల మీద వేలు పెట్టి చూపుతూ, గొంతు పెంచి వాదించుకుంటారు. కొత్తగా వచ్చిన టీచరు ఆ గది ముందు నుంచి నడిస్తే లోపల పోట్లాట జరుగుతోందనుకుంటారు.

చాలా బడుల్లో పదీ పదకొండేళ్ల పిల్లలకు మొదట చెప్పేది తాల్ముద్‌లోని బావా మెత్సియా అనే భాగపు రెండో అధ్యాయం. దొరికిన వస్తువు ఎవరిది అన్నది దాని విషయం. దారిలో చెదిరిపడిన నాణేలు దొరికితే తీసుకోవచ్చు, సంచిలో ఉన్న నాణేలు దొరికితే చాటించాలి. ఎందుకంటే సంచికి గుర్తు ఉంటుంది, దాని యజమాని ఆశ వదులుకోడు. అయితే తన వస్తువు పోయిన సంగతే ఇంకా తెలియని యజమాని ఆశ వదులుకున్నట్టా, కాదా? ఈ ఒక్క ప్రశ్న మీద పిల్లలు వారాల తరబడి తగువులాడతారు. అటువంటివారికి ఆల్జీబ్రాలో ఒక సూత్రం చెబితే ముందు రాసుకోరు. ఇది ఏ సందర్భంలో చెల్లదు అని అడుగుతారు. మొదట్లో విసుగొచ్చేది కానీ, ఇప్పుడు ఆ ప్రశ్న రాని తరగతి నాకు చప్పగా ఉంటుంది.

ఈ ముద్ర ఎంతకాలం నిలుస్తుందో చూపే ఉదాహరణ గణితంలోనే ఉంది. 2005లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతి పొందిన రాబర్ట్ ఆమన్ 1930లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో పుట్టి, 1938లో అమెరికాకు తప్పించుకువచ్చి, న్యూయార్క్‌లోని రబ్బీ జేకబ్ జోసెఫ్ బడిలో చదువుకున్నారు. తాల్ముద్‌లో ఒక వారసత్వ సమస్య ఉంది. చనిపోయిన వ్యక్తి ముగ్గురు భార్యలకు వివాహ పత్రాల ప్రకారం 100, 200, 300 చొప్పున బాకీ ఉన్నాడు. ఆస్తి మొత్తం 100 ఉంటే ముగ్గురికీ సమానంగా పంచాలి. 300 ఉంటే 50, 100, 150 చొప్పున, అంటే బాకీల నిష్పత్తిలో పంచాలి. 200 ఉంటే మాత్రం 50, 75, 75 అని ఉంది. ఈ మూడింటికీ ఒకే సూత్రం ఎలా వర్తిస్తుందో వ్యాఖ్యాతలను శతాబ్దాల పాటు తికమకపెట్టింది. 1985లో ఆమన్, మైకేల్ మాష్లర్ కలిసి ఒక వ్యాసంలో దీనికి ఆట సిద్ధాంతం (గేమ్ థియరీ) ద్వారా జవాబు చెప్పారు.

వారు పట్టుకున్న తాళంచెవి బావా మెత్సియా మొదటి పుటలోనే ఉంది. ఒక వస్త్రాన్ని ఇద్దరు పట్టుకొని వచ్చి, ఒకడు అంతా నాదే అంటాడు, రెండోవాడు సగం నాది అంటాడు. రెండోవాడు ఎలాగూ ఒప్పుకున్న సగం మొదటివాడికి పోతుంది. తగువు ఉన్న సగాన్ని చెరిసగం చేస్తారు. ముగ్గురు భార్యల్లో ఏ ఇద్దరిని తీసుకున్నా వారి మధ్య పంపకం ఈ వస్త్ర న్యాయానికి సరిపోతుందని వారు చూపారు. 200 ఆస్తిలో మొదటి ఇద్దరికీ కలిపి వచ్చినది 125. అందులో 100 మాత్రమే అడిగే ఆమె 25ను వదులుకున్నట్టే. మిగిలిన 100 చెరిసగం. కాబట్టి 50, 75. నా విద్యార్థులకు దీన్ని బోర్డు మీద చేసి చూపినప్పుడు వస్త్ర న్యాయం నేను వివరించనక్కరలేదు, అది వారే నాకు చెబుతారు.

ఇక మరో రకం మిగులు ఉంది. మా పూర్వవిద్యార్థి ఒకతను కాలేజీకి వెళ్లగానే ఆచారాలన్నీ వదిలేశాడు. తండ్రి పోయాక పదకొండు నెలలు కద్దిష్ (పోయినవారి కోసం సినగాగులో చెప్పే ప్రార్థన) చెప్పాల్సి వచ్చినప్పుడు, తెలియని ఊళ్లో తెలియని సినగాగుకు వెళ్లి, ప్రార్థన నడిపించమని వారు అడిగితే పుస్తకం తెరిచి నడిపించాడు. ఆ పదకొండు నెలలు అయిపోయాక మళ్లీ వెళ్లడం మానేశాడు. హిమెల్‌ఫార్బ్ కొలతలో అతను బడి విఫలమైన కేసు కింద లెక్కకొస్తాడు. అవసరమైన నాడు ఎవరి సాయమూ అడగకుండా నిలబడగలిగిన మనిషిని విఫలమైన కేసు అనడానికి నాకు మనసొప్పదు.

చదువరి

టీచరు గారూ, ఆ వస్త్ర న్యాయం వివరించినందుకు కృతజ్ఞతలు. ఒక అనుబంధ ప్రశ్న. గణనలో చెప్పిన ఆ 2,92,000 మందిలో సగానికి పైగా హసీదీ, యెషివా సమాజాల (ఆర్థడాక్స్ శాఖలోనే అతి సంప్రదాయ వర్గాల) పిల్లలే అని చదివాను. వారి విషయంలోనూ ఇదే చెప్పవచ్చా? అమెరికా బయటి దేశాల సంగతి ఏమిటి?

సమాధానం — థేమ్స్ ఒడ్డు

చదువరి గారూ, బడి పూర్వవిద్యార్థిని ఏంచేసింది అని అడిగే ముందు, ఏంచేయాలనుకుంది అని కూడా అడగాలి. లండన్‌లోని జ్యూస్ ఫ్రీ స్కూల్ 1732లో మొదలైంది. 1900 నాటికి తూర్పు లండన్‌లో నాలుగు వేల మందికి పైగా పిల్లలతో నడిచేది. రష్యా సామ్రాజ్యం నుంచి వచ్చిన బీద పిల్లల నోట యిడ్డిష్ (తూర్పు యూరప్ యూదుల ఇంటి భాష) మాన్పించి, వారిని ఇంగ్లీషువారిగా తయారుచేయడం దాని ప్రధాన లక్ష్యం. ఆ పనిలో అది ఎంతగా నెగ్గిందంటే, అక్కడే చదివి అక్కడే పాఠాలు చెప్పిన ఇజ్రాయెల్ జాంగ్విల్ ఇంగ్లీషు రచయితగా పేరు తెచ్చుకున్నారు. యూదు బడి అనగానే అది మతాన్ని గట్టిపరచడానికే ఉందనుకోవడం చరిత్రకు సరిపడదు.

అదే బడి ఇప్పుడు తారుమారైన చోట నిలబడి ఉంది. బ్రిటన్‌లో మతసంస్థల బడులకు ప్రభుత్వమే నిధులు ఇస్తుంది కాబట్టి చదువుకు ఫీజు లేదు. యూదు పిల్లల్లో సగానికి పైగా యూదు బడుల్లోనే చదువుతున్నారు. తల్లి యూదురాలై ఉండాలన్న ఆ బడి ప్రవేశ నిబంధన జాతి వివక్ష కిందికి వస్తుందని 2009 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అప్పటి నుంచి సినగాగుకు హాజరు కావడం వంటి ఆచరణను బట్టి ప్రవేశం ఇస్తున్నారు. ఫలితంగా, సీటు కోసం కొన్ని కుటుంబాలు సినగాగుకు వెళ్లడం మొదలుపెట్టాయి. ఇంటి ప్రభావం బడి మీద అని లెక్కల మనిషి గారు చెప్పారు. ఇక్కడ బడి ప్రభావం ఇంటి మీద పడింది, అదీ పిల్లవాడు బడిలో అడుగు పెట్టక ముందే.

యుద్ధకాలపు న్యూయార్క్‌లో ఇంకో లక్ష్యం కనబడుతుంది. 2000లో నోబెల్ పొందిన మెదడు శాస్త్రవేత్త ఎరిక్ కాండెల్ 1939లో వియన్నా నుంచి వచ్చినప్పుడు తొమ్మిదేళ్లవాడు. ఆయన తాతగారు ఆ వేసవిలో దగ్గర కూర్చోబెట్టుకొని హీబ్రూ నేర్పి, బ్రూక్లిన్‌లోని యెషివా ఆఫ్ ఫ్లాట్‌బుష్ అనే డే స్కూలులో ఉపకార వేతనంతో చేరే అర్హత సంపాదించిపెట్టారు. 1944 దాకా అక్కడ చదివి, ఆయన ఎరాస్మస్ హాల్ అనే ప్రభుత్వ హైస్కూలుకు మారారు. నాజీల వియన్నాలో బడి నుంచి వెళ్లగొట్టబడిన పిల్లవాడికి, హీబ్రూనూ సైన్సునూ ఒకే చోట నేర్పిన బడి దొరకడం ఎంత ధైర్యమిచ్చి ఉంటుందో ఊహించుకోవచ్చు.

హసీదీ బడుల సంగతి పూర్తిగా వేరు. ముఖ్యంగా మగపిల్లల బడుల్లో, బయటి ప్రపంచం అంటకుండా పిల్లల్ని కాపాడటమే లక్ష్యం. చాలాచోట్ల ఇంగ్లీషు, గణితం రోజు చివరన కాసేపు, అదీ పదమూడో ఏడు దాకా మాత్రమే ఉంటాయి. ఆ బడుల్లో చదివినవారే 2012లో యాఫెడ్ అనే సంస్థ పెట్టి, తమకు జీవనోపాధికి కావలసిన చదువు దక్కలేదని పోరాడారు. ప్రైవేటు బడిలో చెప్పే చదువు ప్రభుత్వ బడి చదువుకు దాదాపు సమానంగా ఉండాలని న్యూయార్క్ చట్టంలో పందొమ్మిదో శతాబ్దం నుంచీ ఉన్నా, దాన్ని అమలు చేసే నియమాలు 2022 సెప్టెంబరులో గానీ రాలేదు. 2023లో నగర అధికారులు 18 హసీదీ బడులు ఆ ప్రమాణాన్ని అందుకోవడం లేదని తేల్చారు. 2025లో రాష్ట్ర బడ్జెట్ చట్టంతో పాటు ఆ నియమాలను సడలించారు. టీచరు గారు చెప్పిన వాదనాశక్తి ఈ విద్యార్థుల్లోనూ పుష్కలంగా ఉంటుంది. ఉద్యోగానికి దరఖాస్తు నింపడానికి ఆ శక్తి ఒక్కటే చాలదు. ఒకే తాల్ముద్ పుట ఒకరిని నోబెల్ దాకా తీసుకువెళ్లగా, మరొకరిని పాతికేళ్ల వయసులో భిన్నాలు నేర్చుకునే స్థితిలో నిలబెట్టిందంటే, తేడా ఆ పుట పక్కన ఇంకేం పెట్టారన్న దానిలో ఉంది. ఇది బాధితులు గట్టిగా చెబుతున్న మాట. దీన్ని మతవ్యతిరేకత అని కొట్టిపారేయడం అన్యాయం.

సమాధానం — ఆల్జీబ్రా టీచరు

థేమ్స్ ఒడ్డు గారి మాటతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. ఫీజు ప్రస్తావన వచ్చింది కనుక ఒక్క సంగతి చేర్చాలి. పూర్వవిద్యార్థుల మీద ప్రభావాన్ని తెలుసుకోవడానికి వారు తమ పిల్లల్ని ఎక్కడ చదివిస్తున్నారో చూడటం మంచి మార్గమే. కానీ అమెరికాలో ఆ నిర్ణయం మనసును బట్టి కన్నా జేబును బట్టి జరుగుతోంది. ఏడాదికి ఒక్కో పిల్లవాడికి 20,000 డాలర్లు దాటడం మామూలు. న్యూయార్క్ ప్రాంతంలో కొన్ని హైస్కూళ్లలో 40,000 కూడా దాటుతుంది. ఇంతకన్నా బలమైన కుటుంబ నియంత్రణ సాధనం లేదని ఆ తల్లిదండ్రులే ఛలోక్తి విసురుకుంటారు. నలుగురు పిల్లలున్న పూర్వవిద్యార్థిని ఒకామె ఇద్దరిని మా బడిలో ఉంచి, ఇద్దరిని ప్రభుత్వ బడికి మార్చింది. ఉపకార వేతనానికి ఏటా ఆదాయపన్ను పత్రాలు, బ్యాంకు లెక్కలు ఒక కమిటీ ముందు పెట్టడం ఆమెకు తలవంపుగా తోచింది. ఆమె మీద బడి ప్రభావం సగానికి తగ్గిందని ఎవరైనా రాసుకుంటే అది తప్పు లెక్క.

ఫ్లోరిడాలో 2023 చట్టం తరవాత, ఆదాయంతో నిమిత్తం లేకుండా ప్రైవేటు బడి చదువుకు రాష్ట్రం డబ్బు ఇస్తోంది. ఇదివరకు డే స్కూలు ఊసే ఎత్తని కుటుంబాలు ఇప్పుడు పిల్లల్ని చేర్పించే వీలుంది. లెక్కల మనిషి గారూ, ఇంటి వాటా, బడి వాటా విడదీయడానికి ఇది పనికివస్తుందా?

సమాధానం — లెక్కల మనిషి

కొంతవరకు పనికివస్తుంది, టీచరు గారూ. డబ్బు అడ్డం తొలగిన చోట చేరేవారి తీరు మారుతుంది కాబట్టి, 2023కు ముందు చేరిన పిల్లలనూ తరవాత చేరినవారినీ పోల్చవచ్చు. ఉచితంగా వచ్చినా ఈ బడినే కోరుకున్నవారు మిగతావారికన్నా వేరు అన్న చిక్కు మాత్రం ఉంటుంది. ఒకే ఇంట్లో కొందరు ఈ బడిలో, కొందరు ప్రభుత్వ బడిలో చదివిన తోబుట్టువులను వెతికి పోల్చడం ఇంకా మేలు. మీరు చెప్పిన ఆ నలుగురు పిల్లల కుటుంబం వంటివి అందుకు సరిగ్గా సరిపోతాయి. అయితే అడగవలసిన ప్రశ్నల పట్టిక మారాలి. సినగాగుకు ఎన్నిసార్లు వెళ్తారు అన్నదానితో పాటు, అచ్చుగుర్తులు లేని హీబ్రూ పుట చేతికిస్తే చదవగలరా, ప్రార్థన నడిపించగలరా, బడినాటి జోడీతో ఇప్పటికీ మాట్లాడుతున్నారా అని కూడా అడగాలి. ఫ్లోరిడా పిల్లల విషయంలో ఆ జవాబులు రావడానికి ఇంకో పాతికేళ్లు పడుతుంది.